రైలు పట్టాల వెంట రొమాన్ష్: వల్లాదేర్ నేర్చుకున్న నా అనుభవం

రొమాన్ష్ నేర్చుకుంటున్నానని స్విట్జర్లాండ్‌లో ఎవరితోనైనా అంటే, వారు ముందుగా అడిగేది ‘ఏ రొమాన్ష్?’ అనే. స్విట్జర్లాండ్ ఆగ్నేయాన గ్రౌబుండెన్ రాష్ట్రంలో మాట్లాడే, లాటిన్ నుంచి పుట్టిన ఈ భాషకు రాతలో స్థిరపడిన రూపాలు ఐదు ఉన్నాయి. రైన్ నది రెండు పాయల్లో ముందు రైన్ లోయలో సుర్‌సిల్వాన్, వెనుక రైన్ పరిసరాల్లో సుట్‌సిల్వాన్, ఆల్బులా, సుర్‌సెస్ లోయల్లో సుర్‌మిరాన్, ఇన్ నది లోయ అయిన ఎంగడీన్ ఎగువ భాగంలో పుటేర్, దిగువ ఎంగడీన్‌లో వల్లాదేర్ వాడుకలో ఉన్నాయి. ‘నేను’ అనడానికే ఒక లోయలో ‘యెవు’, మరో లోయలో ‘యొవు’, ఇంకోచోట ‘ఇయా’, ‘ఎయావ్’, ‘ఎవు’ అంటారు. ఐదింటికీ వేర్వేరు వ్యాకరణాలు, వేర్వేరు బడి పుస్తకాలు ఉన్నాయి. 2000 జనగణనలో ఈ భాషను తమకు అన్నిటికన్నా బాగా వచ్చిన భాషగా నమోదు చేసుకున్నవారు సుమారు 35 వేల మంది. ఇంట్లోనో, బడిలోనో, పనిచేసే చోటో వాడేవారిని కూడా కలిపితే సుమారు 60 వేల మంది. ఇంత చిన్న సమూహంలో ఇన్ని రూపాలు ఎందుకున్నాయన్నది పుస్తకంలో చదివినప్పుడు నాకు సరిగ్గా బోధపడలేదు. అక్కడి రేటియన్ రైల్వే వారి బండిలో కూర్చుని ఆ కొండలను దాటినప్పుడే బోధపడింది.

నేను చాలా ఏళ్ళుగా జ్యూరిక్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఉన్నాను. జర్మన్‌తో పని నడిచిపోతుంది. రొమాన్ష్ మీద ఆసక్తి మొదట కరెన్సీ నోట్ల వల్ల కలిగింది. వాటి మీద నాలుగు భాషల్లో రాసి ఉంటుంది. నాలుగోది ఎవరిదో, ఎక్కడ మాట్లాడతారో తెలుసుకోవాలనిపించింది. 1938 ఫిబ్రవరిలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో దేశ ప్రజలు 90 శాతానికి పైగా ఓట్లతో రొమాన్ష్‌ను జాతీయ భాషగా అంగీకరించారని తెలిసినప్పుడు ఆ ఆసక్తి గౌరవంగా మారింది. అంత మంది ఓటర్లలో ఆ భాష వచ్చినవారు చాలా తక్కువ. తమకు రాని భాష బతకాలని ఒక దేశం ఓటు వేయడం సామాన్య విషయం కాదని నా అభిప్రాయం.

మొదట నేను ‘రుమాంచ్ గ్రిషున్’ నేర్చుకుందామనుకున్నాను. లియా రుమాంచా అనే భాషా సంస్థ కోరిక మేరకు జ్యూరిక్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు హైన్‌రిష్ ష్మిడ్ 1982లో రూపొందించిన ఉమ్మడి రాత రూపం అది. ప్రభుత్వ పత్రాలు, ప్రకటనలు అందులోనే వస్తాయి. అయితే మా కార్యాలయంలో సెంట్ గ్రామం నుంచి వచ్చిన ఒకావిడ పనిచేస్తున్నారు. ఆమెను సలహా అడిగితే, ‘మీరు ఎవరితో మాట్లాడాలనుకుంటున్నారో వారి లోయ మాట నేర్చుకోండి. ఉమ్మడి రూపం చదవడానికి బాగుంటుంది కానీ దానితో జోల పాడిన తల్లి ఎవరూ లేరు’ అన్నారు. ఆ మాట నాకు నచ్చింది. బడుల విషయంలోనూ జరిగింది అదే. కొత్త పాఠ్యపుస్తకాలు ఉమ్మడి రూపంలోనే అచ్చు వేయాలని గ్రౌబుండెన్ రాష్ట్ర శాసనసభ 2003లో నిర్ణయించగా, పల్లెల్లో తల్లిదండ్రుల నుంచి గట్టి వ్యతిరేకత వచ్చి, 2011లో మళ్ళీ లోయల రూపాలకూ చోటు ఇవ్వాల్సి వచ్చింది. నేను వల్లాదేర్ ఎంచుకుని, దిగువ ఎంగడీన్‌లోని ష్క్వోల్ పట్టణంలో వేసవిలో జరిగే తరగతులకు పేరు నమోదు చేసుకున్నాను. పెద్దల కోసం నడిపే ఈ తరగతుల్లో బోధన జర్మన్ ఆధారంగా మొదలవుతుంది. కాబట్టి జర్మన్ కొంతైనా రాని వారికి కష్టమని ముందే చెప్పాలి.

జ్యూరిక్ నుంచి ష్క్వోల్‌కు దగ్గర దారి వెరైనా సొరంగం గుండా ఉంది. 1999 నవంబరులో ప్రారంభమైన ఆ సొరంగం పొడవు 19 కిలోమీటర్ల పైచిలుకు. బండి ఒక పక్క చీకట్లోకి వెళ్ళి, మరో పక్క ఎంగడీన్‌లో వెలుతురులోకి వస్తుంది. నేను కావాలనే ఆ దారి వదిలి, కూర్ నుంచి టూసిస్, ఫిలిజూర్, బేవెర్‌ల మీదుగా వెళ్ళే పాత ఆల్బులా దారి పట్టాను. కూర్ ఒకప్పుడు రొమాన్ష్ పట్టణం. 1464లో ఊరు తగలబడిపోయాక పునర్నిర్మాణానికి జర్మన్ మాట్లాడే చేతిపనివారు పెద్ద సంఖ్యలో వచ్చి స్థిరపడ్డారని, క్రమంగా పట్టణం వారి భాషకు మారిందని చరిత్రకారులు చెబుతారు. అలా ఈ భాషకు రాజధాని లేకుండా పోయింది. మాటను ఒక దారిలో పెట్టే పట్టణం ఒకటి లేనప్పుడు ఏ లోయ రాత ఆ లోయదే అయింది. 1560లో యాకియామ్ బిఫ్రున్ బైబిలు కొత్త నిబంధనను పుటేర్‌లో అచ్చు వేశాడు. చాలావరకు కాథలిక్‌గా మిగిలిన సుర్‌సెల్వా (ముందు రైన్ లోయ), ప్రొటెస్టంట్ అయిన ఎంగడీన్ మత గ్రంథాలను ఒకరివి ఒకరు వాడుకునే అవకాశమే లేదు. మతం ఒక కారణం, మంచు మరో కారణం. కనుమలు మూసుకుపోతే పక్క లోయతో నెలల తరబడి సంబంధం ఉండేది కాదు.

కూర్ దాటాక రైకెనౌ దగ్గర ముందు రైన్, వెనుక రైన్ నదులు కలిసే చోటు కిటికీలోంచి కనిపిస్తుంది. అక్కడి నుంచి బండి వెనుక రైన్ వెంట టూసిస్ వైపు తిరుగుతుంది. పట్టాల మధ్య వెడల్పు సరిగ్గా ఒక మీటరు. గుంటూరు–గుంతకల్లు మార్గం మీటర్ గేజీగా ఉన్న రోజుల్లో నల్లమలలో దిగువమెట్ట, చలమ స్టేషన్ల మధ్య ప్రయాణించిన నాకు, మలుపులో కిటికీలోంచి మన బండి ఇంజినే మనకు కనిపించడం కొత్త కాదు. అయితే ఇక్కడి ఎత్తుల సంగతి వేరు. టూసిస్ నుంచి సెయింట్ మోరిట్జ్ వరకు 60 కిలోమీటర్ల పైచిలుకు ఉన్న ఈ మార్గాన్ని 1898లో మొదలుపెట్టి, 1903లో చెలెరీనా వరకు, 1904లో సెయింట్ మోరిట్జ్ వరకు పూర్తి చేశారు. పళ్ళ చక్రం పట్టుకుని ఎక్కే పళ్ళ పట్టా ఎక్కడా వాడలేదు. వెయ్యి మీటర్లకు 35 మీటర్లకు మించని వాలుతో, చక్రం పట్టా మీద మామూలుగా దొర్లుతూనే ఎక్కేలా ఇంజినీరు ఫ్రీడ్రిష్ హెన్నింగ్స్ దారి వేశాడు.

ఫిలిజూర్‌కు కొద్ది ముందు వచ్చే లాండ్‌వాసర్ వంతెనను ఫొటోల్లో చూడనివారు అరుదు. 65 మీటర్ల ఎత్తు, 136 మీటర్ల పొడవు, ఆరు కమానులు. వంతెన 100 మీటర్ల వ్యాసార్ధంతో వంపు తిరిగి నేరుగా నిలువు కొండలోని సొరంగంలోకి దూరుతుంది. అయితే నన్ను ఎక్కువ సేపు కిటికీకి కట్టిపడేసింది బెర్గ్యూన్, ప్రేదా స్టేషన్ల మధ్య దారి. రెండు ఊళ్ళ ఎత్తుకూ తేడా 400 మీటర్లకు పైనే ఉంది. నేరుగా కొలిస్తే ఏడు కిలోమీటర్లు కూడా లేని ఆ దూరానికి పట్టాల పొడవు సుమారు 12 కిలోమీటర్లు. వాలు పెంచకుండా పొడవు పెంచాలంటే దారిని చుట్టలు చుట్టడం తప్ప మార్గం లేదు. అందుకే బండి లోయకు ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు దాటుతూ, కొండ లోపల గుండ్రంగా తిరిగి, తాను లోపలికి వెళ్ళిన చోటుకు పైన బయటికి వస్తుంది. బెర్గ్యూన్ గ్రామం ఒకసారి కుడి కిటికీలో, మరోసారి ఎడమ కిటికీలో, ప్రతిసారీ ఇంకొంచెం కిందగా కనిపిస్తుంది. నా ఎదుటి సీటులో కూర్చున్న స్థానిక వృద్ధుడు తన ఊతకర్రతో కిటికీ అద్దం మీద ఆ చుట్ట గీసి చూపించి, మనం ఇప్పుడు ఇక్కడ ఉన్నామని చెప్పాడు. ఈ మార్గాన్నీ, దీనికి కొనసాగింపుగా ఇటలీలోని తిరానోకు దిగే బెర్నీనా మార్గాన్నీ కలిపి 2008లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. మన కాల్కా–శిమ్లా మార్గానికీ అదే ఏడాది ఆ గుర్తింపు వచ్చింది.

ప్రేదా తర్వాత వచ్చే ఆల్బులా సొరంగం దాదాపు ఆరు కిలోమీటర్లు. 1903 నాటి పాత సొరంగం పక్కనే తవ్విన కొత్తది 2024 జూన్‌లో వాడుకలోకి వచ్చింది. పాతదాన్ని ప్రమాద సమయాల్లో తప్పించుకునే దారిగా మార్చారు. ఈ సొరంగానికి ఉత్తరాన పడిన వాన రైన్‌లో కలిసి ఉత్తర సముద్రానికి, దక్షిణాన పడిన వాన ఇన్ నదిలో కలిసి డాన్యూబ్ మీదుగా నల్ల సముద్రానికి పోతుంది. నీళ్ళే రెండు సముద్రాల దారి పట్టే చోట మాట మారడంలో వింత లేదనిపించింది. జర్మన్ మాట్లాడే కూర్, సుర్‌మిరాన్ వినిపించే టీఫెన్‌కాస్టెల్ పరిసరాలు దాటి, సొరంగం బయట బేవెర్‌లో పుటేర్ ప్రాంతంలో దిగాను. అక్కడ ష్క్వోల్ బండి ఎక్కి, జెర్నెజ్‌కు ముందు వల్లాదేర్ ప్రాంతంలోకి ప్రవేశించాను. ఒక పూట ప్రయాణంలో ఇన్ని మాటల ఎల్లలు దాటాను. ఎంగడీన్‌లో బండి లోపల ప్రకటనలు రొమాన్ష్‌లో వినిపిస్తాయి, తర్వాత జర్మన్‌లో. తరగతి ఇంకా మొదలు కాకముందే స్టేషన్‌ను ‘స్తత్సియూన్’ అని, ఆగే చోటును ‘ఫెర్మాదా’ అని అంటారని చెవికి తెలిసిపోయింది.

తరగతిలో మాది చిన్న బృందం. ఎక్కువమంది జర్మన్ స్విట్జర్లాండ్ నుంచి వచ్చినవారు. కొందరికి లోయలో సెలవులకు వచ్చే ఇల్లు ఉంది, కొందరి తాతమ్మలది ఈ ప్రాంతం. ఉదయం పూట వ్యాకరణం, మధ్యాహ్నం ఊళ్ళో తిరుగుతూ మాట్లాడడం. మొదటి రోజు ‘ఎవు నా నోమ్’ అంటూ మా పేర్లు చెప్పుకున్నాం. వాక్య నిర్మాణంలో లాటిన్ కుటుంబపు పదాలు జర్మన్ క్రమంలో నిలబడతాయి. ‘ఇవాళ’ అని వాక్యం మొదలుపెడితే కర్త కన్నా ముందు క్రియ రావాలి. జర్మన్ తెలిసినవారికి ఇది సులువు. ఫ్రెంచ్ మాత్రమే వచ్చిన ఒక విద్యార్థినికి మాత్రం చాలా సమయం పట్టింది.

ఉచ్చారణలో తెలుగు నాకు చేసిన సాయం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. వల్లాదేర్‌లో చకారం వంటి ధ్వనులు మూడు ఉన్నాయి. జెర్నెజ్ అన్న ఊరి పేరులో మొదటిది, చివరిది మన ‘చాప’, ‘చుక్క’లలో పలికే దంత్య చకారమే, ఇవాళ్టి తెలుగు రాతలో దానికి వేరే గుర్తు వాడరు కాబట్టి నేను ‘జ’ అని రాస్తున్నాను కానీ నోటికి అది పుట్టుకతో వచ్చిన ధ్వని. చ్లిన్ అనే ఊరి పేరులోది ‘చిన్న’ లోని చకారానికి దగ్గర. మూడోది, ఇంటిని ‘చాజా’ అనేటప్పుడు పలికేది, నాలుక మధ్య భాగం అంగిలికి పూర్తిగా ఆనితే వచ్చే మరింత మెత్తటి ధ్వని. జర్మన్ విద్యార్థులు రెండు, మూడు ధ్వనులను కలిపేస్తుంటే, దంత్య తాలవ్య భేదం చిన్నప్పటి నుంచి పాటించిన నాకు తేడా త్వరగా చెవికి అందింది. పెదవులు గుండ్రంగా చుట్టి ‘ఇ’ పలికే అచ్చు విషయంలో మాత్రం వారే ముందున్నారు. అది జర్మన్‌లోనూ ఉంది, మనకు లేదు. నేను అద్దం ముందు నిలబడి సాధన చేశాను.

మర్యాద పద్ధతి కూడా నన్ను ఆకట్టుకుంది. సుర్‌సెల్వాలో కొత్తవారిని బహువచన మధ్యమ పురుషలో ‘వూస్’ అంటారు. ఎంగడీన్‌లో మాత్రం ఎదుటివారితో మాట్లాడుతూనే ప్రథమ పురుషలో, ‘వారు ఎలా ఉన్నారు’ అన్నట్టు పలకరిస్తారు. మన పెద్దవాళ్ళు ‘తమరు’, ‘వారు’ అంటూ ఎదుటనున్న మనిషిని ఒక అడుగు దూరంలో నిలిపి గౌరవించడం చూసిన నాకు ఇది తేలిగ్గా పట్టుబడింది.

మధ్యాహ్నాలు నడకలోనే పదాలు ఎక్కువ వంటబట్టాయి. ష్క్వోల్ పాత వీధుల్లో నీటి తొట్లు ఉన్నాయి. కొన్నిటికి రెండు గొట్టాలు. ఒకదాంట్లో మామూలు నీరు, మరోదాంట్లో భూమిలోంచి వచ్చే ఖనిజ జలం. ఇనుము రుచితో, నాలుక మీద బుడగలు చిట్లుతూ ఉండే ఆ నీటిని దోసిటితో తాగించి మా ఉపాధ్యాయురాలు ‘ఆవా’ అన్న మాట నేర్పారు. ఇళ్ళ గోడలు చూడడం మరో పాఠం. అక్కడి ఇళ్ళకు స్గ్రాఫిట్టో అనే అలంకరణ చేస్తారు. ముందు ఇసుక కలిపిన బూడిద రంగు గచ్చు పూస్తారు, దాని మీద పలచగా తెల్లని సున్నం వేస్తారు, అది తడిగా ఉండగానే మొనతో గీకుతారు. గీకిన చోట కింది రంగు బయటపడి పువ్వులు, చేపలు, అలలు, సూర్యుడు ఏర్పడతాయి. దగ్గరికి వెళ్ళి చూస్తే గీతల అంచున సున్నం చిన్న చిన్న పెచ్చులుగా లేచి, పనివాడి చెయ్యి ఎక్కడ ఆగిందో, ఎక్కడ జారిందో కూడా తెలుస్తుంది. చాలా గోడల మీద కట్టిన సంవత్సరం, కట్టించినవారి పేరు, ఇంటిని కాపాడమని దేవుడికి చేసే ప్రార్థన రొమాన్ష్‌లో ఉంటాయి. పాత వర్ణక్రమంలో ఉన్న ఆ అక్షరాలు కూడబలుక్కుని చదవడం నాకు ఏ పాఠ్యపుస్తకం కన్నా ఎక్కువ ఆనందాన్నిచ్చింది.

అసలు కష్టం వేరే ఉంది. రొమాన్ష్ మాట్లాడే పెద్దలందరికీ జర్మన్ వచ్చు. నా రంగు, నా యాస గమనించగానే దుకాణాల్లో, రొట్టెల అంగడిలో మర్యాదగా జర్మన్‌లోకో ఇంగ్లీషులోకో మారిపోయేవారు. అందులో చిన్నచూపు ఏమీ లేదు. కొత్తవాడికి ఇబ్బంది కలగకూడదన్న ఉద్దేశంతో తరతరాలుగా వారికి అలవాటైన పద్ధతి అది. కానీ ఆ మర్యాదే భాషను వీధిలోంచి ఇంట్లోకి నెట్టేస్తోందని నా అభిప్రాయం. నేను వల్లాదేర్ నేర్చుకుంటున్నాననీ, నెమ్మదిగా మాట్లాడమనీ అడిగే వాక్యం ఒకటి మా ఉపాధ్యాయురాలు రాసిచ్చారు. దాన్ని కంఠస్థం చేసి ప్రతి చోటా ముందు అదే చెప్పేవాణ్ణి. అక్రోటు గింజలు కూరిన టార్ట్ అమ్మే ఒక పెద్దావిడ ఆ వాక్యం వినగానే గల్లా పెట్టె మూసి, కౌంటరు ఇవతలికి వచ్చి, అంగడిలో ఉన్న ప్రతి పదార్థాన్నీ చూపిస్తూ పేర్లు చెప్పారు. వెనుక నిలబడిన వారెవరూ విసుక్కోలేదు సరికదా, ఒకాయన తన ఊళ్ళో ఆ రొట్టెను మరో పేరుతో పిలుస్తారని చెప్పి చర్చ మొదలుపెట్టారు.

రైలు నాకు రెండో తరగతి గది అయింది. సాయంత్రం తీరిక దొరికితే ఆర్దేజ్, గ్వార్దా, లవీన్, సూష్ వరకు వెళ్ళి వచ్చేవాణ్ణి. చిన్న స్టేషన్లలో మీట నొక్కితేనే బండి ఆగుతుంది. గ్వార్దాలో దిగితే ఊరు కనిపించదు; అది స్టేషన్‌కు 200 మీటర్లకు పైగా ఎత్తున, ఎండ పడే మెట్ట మీద ఉంటుంది. తపాలా శాఖ పసుపు బస్సు పైకి తీసుకువెళుతుంది. వెరైనా సొరంగం దక్షిణ ముఖాన ఉన్న సాల్యైన్స్ స్టేషన్‌లో బండి మారవచ్చు గానీ, అక్కడి నుంచి నడిచి బయటికి పోయే దారి లేదు. ఎంగడీన్ రైలు మార్గం 1913లో ష్క్వోల్ వరకు వచ్చింది; ఆస్ట్రియా వైపు కొనసాగించాలన్న ఆలోచన నెరవేరలేదు. రైలు వచ్చిన తొలి దశాబ్దాల్లో బోర్డుల మీద ‘షూల్స్’, ‘సమాడెన్’ వంటి జర్మన్ రూపాలు ఉండేవి. తర్వాత కాలంలో ష్క్వోల్, సమేదాన్ అనే సొంత రూపాలే అధికారికమయ్యాయి. రైలు వెంట యాత్రికులు, హోటళ్ళు, పనివారు వచ్చి సెయింట్ మోరిట్జ్ వంటి చోట్ల రొమాన్ష్ బాగా తగ్గిపోయిన మాట నిజం. అదే రైలులో ఇవాళ ఆ భాష ప్రతి స్టేషన్‌కు ముందు గట్టిగా వినిపిస్తున్న మాట కూడా అంతే నిజం. నాకు ఈ రెండో నిజమే ఎక్కువ విలువైనదిగా తోస్తుంది, ఎందుకంటే రైలును వెనక్కి పంపడం ఎవరి వల్లా కాదు, అందులో ఏ భాష వినిపించాలన్నది మాత్రం మనుషుల చేతిలో ఉంది.

జ్యూరిక్‌కు తిరిగి వచ్చాక భాష చేజారకుండా నిలుపుకోవడానికి రొమాన్ష్ ప్రసార సంస్థ ఆర్‌టీఆర్ వారి రేడియో వార్తలు ఆధారమయ్యాయి. ఒకే వార్తా కార్యక్రమంలో ఒక విలేఖరి సుర్‌సిల్వాన్‌లో, మరొకరు వల్లాదేర్‌లో, చదివేవారు ఉమ్మడి రూపంలో మాట్లాడతారు. మొదట గందరగోళంగా ఉన్నా, కొన్నాళ్ళకు చెవి ఒక రూపం నుంచి మరో రూపానికి మారడం అలవాటు చేసుకుంది. ఆల్బులా లోయలోని బ్రియెంజ్ గ్రామం మీదికి కొండ జారుతోందని, 2023లో ఊరంతా ఖాళీ చేయించారని, జూన్‌లో ఒక రాత్రి రాళ్ళ ప్రవాహం ఊరి అంచున వచ్చి ఆగిందని నేను అనుసరించిన వార్తలు ఎక్కువగా ఈ భాషలోనే. కొండ, రాయి, వాలు, పగులు, జారు అన్న మాటలు అప్పుడే స్థిరంగా మనసులో పడ్డాయి.

ఆ తర్వాత మరో వైపు రైలు ఎక్కి, రైకెనౌ నుంచి ముందు రైన్ వెంట దిసెన్తిస్ వరకు వెళ్ళాను. దాదాపు పది వేల ఏళ్ళ క్రితం ఫ్లిమ్స్ దగ్గర విరిగిపడిన కొండను నది కోసుకుంటూ చేసిన రుయినౌల్తా లోయలో ఆ బండి తెల్లటి గోడల మధ్య నడుస్తుంది. రైలు, నది తప్ప అక్కడ చాలా దూరం రోడ్డు కూడా లేదు. నా పక్కన కూర్చున్న రైతు కుటుంబం సుర్‌సిల్వాన్‌లో మాట్లాడుకుంటున్నారు. నేను వల్లాదేర్‌లో పలకరించాను. ఆ ఇంటి పెద్ద నవ్వి, ఎంగడీన్ మాట ఎక్కడ నేర్చుకున్నారని తన మాటలో అడిగారు; నేను నా మాటలో జవాబిచ్చాను. గడ్డి కోతల గురించి, ఆ ఏటి వానల గురించి, మా ఊళ్ళో మిరప ఎప్పుడు కోస్తారన్న దాని గురించి ఇలాన్జ్ వరకు మాట్లాడుకున్నాం. ఆయన వాడిన మాటల్లో మూడో వంతు నాకు అందలేదు. అందనివి ఆయన మరోలా చెప్పారు, జర్మన్‌లోకి మాత్రం ఒక్కసారీ మారలేదు. ఇప్పుడు నేను వల్లాదేర్ రెండో స్థాయి పుస్తకం చదువుతూ, సుర్‌సిల్వాన్ క్రియారూపాలను దాని పక్కనే నోటు పుస్తకంలో రాసుకుంటున్నాను.